పడం మోసం

సినిమాలకు ఇంకా మాటలు రాని రోజుల్లో వాటి తరఫున మాట్లాడే పని మా వీధిలో నాది. ఆ పని నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. శనివారం సాయంత్రం ఆట చూసి రావడం, ఆదివారం పొద్దున కాఫీ తాగి మా ఇంటి తిన్నె మీద, అంటే వీధరుగు మీద, కూర్చోవడం, పడం ఎలా ఉందో చెప్పడం. పడం అంటే బొమ్మ. పుదుచ్చేరి తెలుగువాళ్ళం మేము కూడా అరవవాళ్ళలాగే సినిమాని పడం అనేవాళ్ళం. ముత్తియాల్‌పేటలో మా వీధి పొడవునా తెలుగిళ్ళే కానీ, ఆ తెలుగు ఎన్నో తరాలుగా అరవంతో కాపురం చేసిన తెలుగు. ఏ మాట ఏ భాషదో మాకే తెలియదు. తెలియక ఇబ్బంది పడ్డవాళ్ళూ లేరు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ నా మూలంగానే.

నేను మిల్లు ఆఫీసులో గుమాస్తాని. ఫ్రెంచి బడిలో చదివాను కాబట్టి ఫ్రెంచి వచ్చు. తెలుగు అక్షరాలు మా తాత ఇసుకలో దిద్దించాడు, ఆ చలవతో మద్రాసు నుంచి తెలుగు పుస్తకాలు తెప్పించుకుని చదివేవాణ్ణి. మా వీధిలో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, తెలుగు చదవగలిగినవాళ్ళు వెతికితే తప్ప దొరకరు. కాబట్టి నేను పడాల గురించి కాగితం మీద రాసినా చదివే దిక్కు లేదు. నోటితో చెబితే మాత్రం మగ్గాలు ఆపి మరీ వచ్చేవాళ్ళు. ఆదివారం మగ్గాలు ఎలాగూ ఆగే ఉండేవనుకోండి, అయినా నేను దాన్ని నా గొప్ప కిందే జమకట్టుకునేవాణ్ణి.

ఎంత మాట్లాడినా చివరికి అందరూ అడిగేది ఒకటే. “అదంతా సరేప్పా, పడం ఎట్లా ఉండాది?” దానికి నా దగ్గర మూడు తీర్పులుండేవి. జోరు అంటే పనులు మానుకుని పోయి చూడమని. సుమారు అంటే అంతంతమాత్రం, పొద్దుపోకపోతే చూడొచ్చని. మోసం అంటే బాగాలేదు, ఇంట్లో పడుకోమని. అరవవాళ్ళూ ఇదే అర్థంలో వాడతారు, మేమూ అదే అర్థంలో వాడతాం. పుస్తకాల తెలుగులో మోసం అంటే దగా అని నాకు తెలియక కాదు. కానీ తిన్నె మీద కాళ్ళు ఊపుతూ కూర్చున్నప్పుడు పుస్తకాలెవరికి గుర్తొస్తాయి?

ఆ పడాలు ఆడే డేరా మా పేట చివర మైదానంలో ఉండేది. యజమాని యానాం మనిషి. యానాం కూడా ఫ్రెంచివాళ్ళ ఊరే కాబట్టి అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చిపోయేవాళ్ళు ఉండేవాళ్ళు. అయితే ఈయన వచ్చిపోవడానికి రాలేదు, ఉండిపోవడానికి వచ్చాడు. సన్నటి మనిషి, ఎంత ఎండలోనైనా మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, భుజం మీద ఉతికిన కండువా. అరవం ఒక్క ముక్క రాదు. మొదటిసారి మా వీధిలోకి వచ్చినప్పుడు మా అవ్వ వాకిట్లో చేపలమ్మితో తగువు పెట్టుకుని ఉంది. ఆ తిట్లలో తెలుగు వినపడగానే ఆయన నడివీధిలో ఆగిపోయాడు.

“ఎవురప్పా నువ్వు? యాడనించి వచ్చినావు?” అంది అవ్వ.

“యానాం నుంచండి. బొమ్మలాడించే డేరా నాదేనండి, మామ్మగారూ.”

అవ్వ చేపల సంగతి మరిచిపోయి ఆయన్ని తేరిపార చూసింది. ఆయన వెళ్ళాక నన్ను పిలిచి, “వానికి ప్రతి మాట వెనకా ఆ అండి అండి ఏందిరా? ఎక్కిళ్ళా?” అని అడిగింది. మర్యాద అని చెప్పాను. అంత మర్యాద ఒంటికి మంచిది కాదంది.

ఆయనకి నేను దొరకడం, నాకు ఆయన దొరకడం ఇద్దరికీ కలిసొచ్చింది. ఫ్రెంచి పడాల్లో మధ్యమధ్య తెర మీద అక్షరాలు వచ్చేవి. అవి చదివి ఇసుకలో కూర్చున్న జనానికి అర్థమయ్యేలా గట్టిగా చెప్పే మనిషి కావాలి. నేను చెబుతానన్నాను. నాకు ముందు వరసలో తెల్లవాళ్ళ పక్కన ఒక కుర్చీ వేయించాడు. ఇంగ్లీషు పడాలు కూడా వచ్చేవి, నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు పడగానే ఆ సందర్భానికి తగ్గ మాటలు నేనే అల్లి చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు పడాల్లో మాటలు చాలా బాగుంటాయని మా వీధిలో పేరొచ్చింది.

ఒక సాయంత్రం సముద్రపు గాలి పడిపోయిన వేళ, బొమ్మ తేటగా కనపడడానికి తెర మీద నీళ్ళు చల్లిస్తూ ఆయన తన సంగతి చెప్పాడు. యానాంలో ఆయనకొక భాగస్తుడు ఉండేవాడట. గొప్ప బొమ్మ వస్తోందని ఊరంతా చాటించి, టిక్కెట్లన్నీ అమ్మించి, ఆట రోజున ఆ భాగస్తుడు పడవెక్కి మాయమయ్యాడు. బొమ్మ రాలేదు. జనం ఈయన ఇంటి ముందు నిలబడి మోసగాడన్నారు. ఎవరి డబ్బు వాళ్ళకి తిరిగి ఇచ్చేశాక కూడా ఆ మాట మాత్రం ఉండిపోయింది.

“పెళ్ళికెళ్తే ఎవరూ పక్కన కూర్చునేవారు కాదండి,” అన్నాడు. “అందుకే ఇంత దూరం వచ్చాను. ఇక్కడ కూడా ఆ మాట వినపడితే ఆ రోజే డేరా ఎత్తేస్తానండి. మూడో ఊరు వెతుక్కునే ఓపిక కూడా లేదు. బొమ్మలే మానేస్తాను.”

ఇక్కడెవరంటారండీ అని నేను ధైర్యం చెప్పాను.

ఇక ఆ రోజుల్లో వచ్చిన పడాల గురించి నా అభిప్రాయాలు. అడగకపోయినా చెప్పడం నా అలవాటు.

అన్నిటికన్నా ముందు గుర్రం పడం. అమెరికాది. హీరో కొండ మీంచి దూకుతాడు, నదిలో పడతాడు, పదిమందిని తంతాడు, నెత్తిమీద టోపీ మాత్రం కదలదు. నాకు ఆ టోపీ మీదే కోపం. కానీ గుర్రం ఉంది చూశారూ, దాన్ని మించిన నటుణ్ణి నేను ఇప్పటిదాకా చూడలేదు. యజమాని దెబ్బతిని పడిపోతే అది ఏడవలేదు, తల ఎగరెయ్యలేదు, ఊరికే పక్కన నిలబడి ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద బరువు వేసింది. మన నటులకి దుఃఖం అంటే రెండు చేతులూ నుదుటి మీద పెట్టుకోవడమే. వాళ్ళందర్నీ ఆ గుర్రం దగ్గర కొన్నాళ్ళు పాఠానికి కూర్చోబెట్టాలని తిన్నె మీద అన్నాను. జోరు అని తీర్పు చెప్పాను.

తర్వాత ఫ్రెంచి లావాటాయన పడం. గోడకి కాగితాలు అంటించే పని ఒప్పుకుని, ఇంటినీ ఇంటావిడనీ చివరికి పోలీసునీ కలిపి అంటించేస్తాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అందులో నేను గమనించిందేమిటంటే, కుర్చీల్లో తెల్లవాళ్ళు ఇంటావిడ టోపీ చెడినప్పుడు నవ్వారు, ఇసుకలో మా వాళ్ళు పోలీసు అంటుకున్నప్పుడు నవ్వారు. నేను కుర్చీలో కూర్చుని కూడా పోలీసు దగ్గరే నవ్వాను.

ముసుగు దొంగల కథ ఒకటి భాగాలు భాగాలుగా వచ్చేది. ప్రతి వారం చివర్లో ఎవరో ఒకరు మిద్దె అంచు పట్టుకుని వేలాడుతుండగా ఆపేసేవాళ్ళు. ఒకసారి పెట్టెలు తారుమారై తర్వాతి భాగం ముందొచ్చింది. అందులో చచ్చిపోయినవాడు మరుసటి వారం నిక్షేపంగా కాఫీ తాగుతూ కనిపించాడు. జనం ఈలలేశారు. నాకు మాత్రం అలాగే బాగుందనిపించింది. మనిషి చచ్చిపోతాడని ముందే తెలిశాక వాడు చక్కెర వేసుకుని కలుపుకునే తీరు నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. వరసగా చూపించి ఉంటే వట్టి దొంగల కథ. ఈ మాట చెబితే తిన్నె మీద ఎవరూ ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు.

బొంబాయి నుంచి వచ్చిన పురాణం పడానికి పక్క ఊరు కదిర్కామం రైతులు బండ్లు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళు తెర ముందు కర్పూరం వెలిగించబోతే యజమాని గుడ్డ అంటుకుంటుందని పరిగెత్తాడు. తల తెగి మళ్ళీ అతుక్కోవడం అద్భుతంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ దేవలోకం సభ జరుగుతుండగా వెనకాల మేఘాల మీద ఒక కాకి నడుచుకుంటూ పోయింది. కాకిని నేనొక్కణ్ణే చూశాను. చూశాక ఇంకేమీ చూడలేకపోయాను. దేవతలు వరాలిస్తున్నారు, నేను కాకి మళ్ళీ వస్తుందేమోనని చూస్తున్నాను. పైగా తెర పక్కన కూర్చుని వాయించే హార్మోనియం ఆయనకి వచ్చింది ఒక్క పాటే. పెళ్ళికీ అదే, యుద్ధానికీ అదే.

ఆట అయ్యాక యజమాని ఆశగా ఎలా ఉందండీ అన్నాడు. “సుమారు,” అన్నాను. ఆయన తలూపి నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. కాసేపు చూసి, “సుమారు ఎంతండి?” అన్నాడు. ఇంచుమించు అని మొదలుపెట్టి అంకె చెప్పకుండా ఊరుకున్నాననుకున్నాడు పాపం. మా ఊళ్ళో సుమారు అంటే అంతంతమాత్రం అని చెబితే ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

కథ లేని పడాలు కూడా వేసేవాళ్ళు. పారీసు వీధులు, ఓవరుకోట్లు, గొడుగులు, ట్రాములు. ఆ రోజుల్లో యంత్రం తిప్పే తీరుకి మనుషులందరూ గబగబా నడిచేవాళ్ళు. అది చూసి మా అవ్వకి వాళ్ళ మీద జాలి పుట్టింది. “పాపం, అంత అవసరంగా యాడికి పోతా ఉండారో!” అంది. అవసరంగా అంటే మా వాళ్ళకి తొందరగా అని. తర్వాత ఎప్పుడు వీధిలో తెల్లదొర కనిపించినా, ఈయన ఇక్కడికొచ్చాక కొంచెం నిదానించాడే అని సంతోషించేది.

ఇలా జరిగిపోతుండగా ఒక శనివారం మద్రాసులో తీసిన కథ ఒకటి వచ్చింది. ఆ పడాన్ని యజమాని స్వయంగా మద్రాసు వెళ్ళి ఎంచుకుని తెచ్చాడు. రెండు వారాల ముందు నుంచే దాని గురించి చెప్పేవాడు. కథేమిటంటే, ఒక ఊళ్ళో మంచి వర్తకుడు. గుడి నగ పోతుంది. ఊరు ఈయన్నే దొంగ అంటుంది, వెళ్ళగొడుతుంది. ఏళ్ళ తరబడి అడవుల పాలవుతాడు. చివరికి అసలు దొంగ చచ్చిపోతూ నిజం చెబుతాడు. ఊరంతా పరిగెత్తుకొచ్చి వర్తకుడి మెళ్ళో దండలేసి, తప్పయిందని కాళ్ళ మీద పడుతుంది.

ఇంత అధ్వాన్నమైన పడం ఆ డేరాలో అంతకుముందు పడలేదు. చంద్రుడు దారానికి కట్టి వేలాడుతున్నాడు, వర్తకుడు నిట్టూరిస్తే ఊగుతున్నాడు. అడవిలో అరటిచెట్లకి కుండీలున్నాయి. దొంగ చావడానికి ఒక రీలు పట్టింది, చచ్చినట్టే పడుకుని మాటిమాటికీ లేచి కూర్చున్నాడు. ఊరంతా అంటే చేతి వేళ్ళకి మించని జనం. దండ వేసిన మీసాలాయనే తెర పక్కనుంచి చుట్టి వచ్చి మళ్ళీ ఇంకో దండ వేశాడు. ఇవన్నీ ఆదివారం తిన్నె మీద చూపించాను. చూపించానంటే నటించే చూపించాను. దొంగ చావుకి మా పక్కింటి మామ నవ్వలేక తిన్నె దిగి కూర్చున్నాడు.

“ఇంతకీ ఊరు ఊరంతా ఒక్కసారి తప్పు తెలుసుకుని దండలెయ్యడం ఎక్కడన్నా జరుగుతుందా?” అని ముగించి, చేతులు దులుపుకుని, “పడం మోసం,” అన్నాను.

మామ కడుపు పట్టుకుని అట్నుంచి అటే డేరా వైపు పోయాడు. ఆయనకి యజమానిని ఆటపట్టించడం సరదా. ఏం చెప్పి ఉంటాడో ఊహించుకోండి.

కాసేపటికి హార్మోనియం ఆయన పరిగెత్తుకొచ్చాడు. యజమాని డేరా మేకులు పీకుతున్నాడట. ఎందుకో చెప్పడట. నేను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే పరిగెత్తాను. ఆయన కోటు విప్పకుండానే వంగి పలుగుతో మేకు పెరుకుతున్నాడు. డేరా అప్పటికే ఒక పక్క కుంగిపోయి ఉంది.

“ఏమయిందండీ?”

“ఏం లేదండి. వెళ్ళిపోతున్నానండి.”

“ఎందుకు?”

ఆయన నడుము ఎత్తి, పలుగు ఆనించి నిలబడ్డాడు. “మోసం అన్నారట కదండి. మీ మామగారు చెప్పారు. మీరు అనుండరని ఆయనతో పోట్లాడాను కూడా.”

“అన్నానండీ! మోసం కాక మరేంటి? మీరే చెప్పండి!” అన్నాను నేను, నా తీర్పు మీద నాకున్న నమ్మకంతో.

ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం చూశాక గానీ ఆ మాట ఆయన చెవుల్లో ఎలా పడిందో నాకు తట్టలేదు. నాలుక కరుచుకున్నాను. గబగబా చెప్పడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో మోసం అంటే దగా కాదని, బాగాలేదని మాత్రమేనని, అరవంలోనూ అంతేనని, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదని. ఎంత చెబితే అంత అబద్ధంలా వినిపించింది నాకే.

“సుమారుకి వేరే అర్థం ఉందన్నారు, ఒప్పుకున్నానండి,” అన్నాడు ఆయన నెమ్మదిగా. “ఇప్పుడు మోసానికి కూడా ఉందంటున్నారు. రేపు దొంగ అంటే మీ ఊళ్ళో పెద్దమనిషి అని అర్థం అంటారు. నేనూ తెలుగువాణ్ణేనండి.”

ఆయన కేకలేస్తే బాగుండేది. కేకలేసే మనిషి కాదు. మళ్ళీ వంగి పలుగు దించబోయి ఆగాడు. “ఒక్క పని చెయ్యండి. ఆ అరుగు మీదే, ఆ మనుషుల ముందే, బొమ్మ మోసం కాదు అని ఒక్క మాట చెప్పండి. ఆ మాట వింటే మేకులు మళ్ళీ దిగ్గొట్టుకుంటాను. లేదంటే సాయంత్రానికి ఈ మైదానం ఖాళీ.”

అదెంత పని అనుకుని ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి. పడం మోసం కాదు అంటే ఈయన చెవికి దగా కాదని. మంచిదే, నిజమే. కానీ మా వీధి చెవికి? పడం బాగానే ఉందని! ఆ చంద్రుడూ ఆ కుండీలూ బాగున్నాయని మా వాళ్ళ ముందు నా నోటితో చెప్పడమా? ఒకే మాట, ఒక చెవిలో నిజం, ఇంకో చెవిలో పచ్చి అబద్ధం. నవ్వుతారేమో గానీ ఆ వయసులో నాకు నా తీర్పు కన్నా పెద్ద ఆస్తి లేదు. నా మాట నమ్మి మంచి పడాలకి పోయేవాళ్ళు, చెడ్డ పడాలకి పోనివాళ్ళు ఆ వీధిలో ఉన్నారని నా నమ్మకం. ఇటు చూస్తే ఈయన. ఈయన వెళ్ళిపోతే డేరా పోతుంది, గుర్రం పోతుంది, నా కుర్చీ పోతుంది, అన్నిటికన్నా ముందు ఒక మంచివాడు రెండోసారి అదే మాట మూటగట్టుకుని పోతాడు.

తిన్నె దగ్గర జనం మళ్ళీ చేరారు. ఆయన వీధి మధ్యలో, నడినెత్తిన ఎండలో, కండువా సర్దుకుని నిలబడ్డాడు. నేను తిన్నె ఎక్కాను. పడం అన్నాను. మళ్ళీ పడం అన్నాను.

“పడానికేమిరా? సీక్కిరం చెప్పు,” అన్నాడు మామ. తొందరగా కానిమ్మని.

అప్పుడు లోపలినుంచి అవ్వ వచ్చింది. పొద్దుట్నుంచి పొయ్యి దగ్గరే ఉంది కాబట్టి ఆమెకి ఈ గొడవేమీ తెలియదు. చేతిలో గరిటె. జనాన్ని చూసింది, ఎండలో నిలబడ్డ యజమానిని చూసింది.

“యేందిరా వాకిట్లో పంచాయితీ? యానామప్పా, ఎండలో నిలబడుకోని యేం చేస్తా ఉండావు? లోపలికి రా, బువ్వ తిను. చారు మాత్రం ఈపొద్దు మోసం. మజ్జిగ ఉండాది, పోస్తా.”

యజమాని ఆమె వైపు తిరిగాడు. “చారు మోసమా అండి?”

“ఊ, శానా మోసం. దాచేదేముంది, నేనే కదా చేసింది.”

“ఎవరిని మోసం చేసిందండి?”

అవ్వ గరిటె దించి నా వైపు చూసింది. “వీడేమంటాడురా? చారు ఎవురినన్నా యేం చేస్తాది? చింతపండు సరిలేదు, అంతే.”

ముందు మామ నవ్వాడు. ఆ తర్వాత వీధి వీధంతా నవ్వింది. యజమాని నవ్వలేదు. గరిటె వైపు, అవ్వ వైపు, నా వైపు చూశాడు. నేను చెబితే సాకు. పొయ్యి దగ్గరనుంచి ఏమీ తెలియకుండా లేచివచ్చిన ఆమె తన చారునే మోసం అంటోంది. ఆయన భుజాలు కిందికి దిగాయి. కండువాతో మొహం తుడుచుకుని, “పదండి మామ్మగారూ, ఆకలేస్తోంది,” అన్నాడు.

లోపల ఆకులేసి కూర్చున్నాక అవ్వకి విషయమంతా చెప్పాను. ఆమె నొచ్చుకుంది. “అయ్యో నాయనా, నిన్ను ఎవురన్నా దొంగ అనింటే చీపురు తీసుకోని నేనే పోయుందును గదా!” అంటూ ఆయన ఆకులో అన్నం గుట్టలా పోసింది. ఆయన వద్దంటూనే తిన్నాడు. చారు కూడా అడిగి పోయించుకుని, నిజమేనండి, మోసంగానే ఉంది అన్నాడు. మా తెలుగులో ఆయన మొదటి వాక్యం అది.

నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను. చెయ్యి కడుక్కుంటూ ఆయన, “అయితే బొమ్మ నిజంగానే బాగాలేదా అండి?” అన్నాడు.

లేదన్నాను. ఇంకేం చెప్పను?

“చంద్రుడు ఊగడం నేనూ చూశానండి. కుండీలు కూడా. మద్రాసులో చిన్న గదిలో నాకొక్కడికే వేసి చూపించారు. ఇంకా మంచి బొమ్మలు నాలుగైదు ఉన్నాయి, కావలసింది తీసుకోమన్నారు.” చెంబు నేల మీద పెట్టాడు. “దగా చెయ్యలేదని ఎవరికైనా రుజువు చూపించుకోవచ్చండి. నాకు నచ్చింది బాగాలేదంటే ఏం రుజువు చూపించను? ఆ దండలేసే చోటు కోసం తెచ్చాను. ఊరు అన్న మాట ఊరే వెనక్కి తీసుకోవడం, అది ఇంకెక్కడా చూళ్ళేదండి నేను. బొమ్మల్లో కూడా.”

ఆయన వెళ్ళి మేకులు దిగ్గొట్టుకున్నాడు. నేను మధ్యాహ్నమంతా చాప మీద దొర్లాను. నాకు బాధేసింది. పొద్దున తిన్నె మీద నేను అందరికన్నా ఎక్కువ నవ్వించింది ఆ దండల దగ్గరే.

సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. కుర్చీలో కూర్చోలేదు, వెనక గుడ్డ తలుపు దగ్గర ఆయన నిలబడే చోట నిలబడ్డాను. ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. పడం ఏమీ బాగుపడలేదు. చంద్రుడు ఊగాడు. దొంగ చచ్చాడు, లేచాడు, చచ్చాడు. గాలికి తెర ఉబ్బి వర్తకుడికి బొజ్జ వచ్చింది. ఆ తర్వాత ఊరు పరిగెత్తుకొచ్చింది. మీసాలాయన దండ వేశాడు, చుట్టి వచ్చి ఇంకోటి వేశాడు. నా పక్కన ఆయన కండువా కొస నోటికి అడ్డం పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. మీసాలాయన మూడోసారి కూడా వస్తే బాగుండునని నాకనిపించింది. ఏడుపొచ్చింది. అంత చెత్త పడానికి ఏడ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చింది, అయినా ఆగలేదు.

బయటికొచ్చేసరికి రెండో ఆటకి జనం నిలబడి ఉన్నారు. మామ కూడా వచ్చాడు.

“ఏమప్పా, పొద్దున మోసమంటివి, మళ్ళా వచ్చినావే?” అన్నాడు నా కళ్ళు చూసి. “ఇప్పుడు ఎట్లా ఉండాది పడం?”

యజమాని గుడ్డ తలుపు ఎత్తి పట్టుకుని, నా జవాబు కోసం చూస్తున్నాడు.

“మోసం మామా,” అన్నాను. “పోయి చూడు.”